తిన్నింటి వాసాలు ఎవరివి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేటు బాలల ఆశ్రమంలో మూడేళ్లుగా ఆయాగా పనిచేస్తున్నాను. మా ఆయన పోయి దిక్కుతోచకుండా ఉన్నప్పుడు ఆశ్రమం పెట్టిన పెద్దాయన పిలిచి పని ఇచ్చారు, ఉండడానికి గది ఇచ్చారు. మా అబ్బాయిని అక్కడి పిల్లలతోపాటే చదివిస్తున్నారు. దేవుడి లాంటి మనిషి. కానీ వయసు మీద పడింది. ఆదివారం వచ్చి పిల్లలకు పళ్లు పంచి వెళ్లిపోతారు. మిగతా ఆరు రోజులూ వార్డెన్ గారిదే రాజ్యం.

రాత్రిళ్లు పక్క తడిపే తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు ఉన్నాడు. తెల్లవారుజామున ఆ తడి దుప్పటినే వాడి నెత్తిన కప్పి డాబా మీద నిలబెడతారు. మిగతా పిల్లలు బడికి బయలుదేరేదాకా దించరు. ఆ పూట టిఫిన్ ఉండదు. చదవకపోతే ఇనుప స్కేలుతో దెబ్బలు. ఎదురు మాట్లాడితే ఆదివారం ఇంటికి ఫోను బంద్. పెద్ద పిల్లల్లో నలుగురిని లీడర్లను చేసి, చిన్నవాళ్లను కొట్టే పని వాళ్లకు అప్పగించారు. రాత్రి డ్యూటీలో ఇద్దరం ఉన్నట్టు రిజిస్టర్‌లో సంతకాలుంటాయి, ఉండేది నేనొక్కదాన్నే. పుట్టినరోజులకు దాతలు తెచ్చే బియ్యం, నూనె డబ్బాలు సగం ఎటు పోతాయో తెలియదు. రెండుసార్లు వార్డెన్‌తో చెప్పి చూశాను. "నీ కొడుకు కూడా ఇక్కడే ఉన్నాడని గుర్తు పెట్టుకో" అన్నారు. వ్యాను డ్రైవరు ఏడో తరగతి అమ్మాయి ఒకరికి చాక్లెట్లు కొనిస్తూ ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చోబెట్టుకుంటాడు, ఈ మధ్య ఆ పిల్ల వ్యాను ఎక్కనని ఏడుస్తోంది, అదీ నాకు నచ్చడం లేదు.

ఎవరికి చెప్పాలి? మా ప్రాంతం పోలీసు అధికారికి మొన్న మా వార్షికోత్సవంలోనే శాలువా కప్పారు. ఆశ్రమం మూసేస్తే పిల్లలు రోడ్డున పడతారేమో. మా అక్కతో అంటే "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా" అంది. ఏం చేయమంటారు?

— పేరు వద్దని కోరిన ఒక సోదరి

సమాధానం:

అమ్మా, మిమ్మల్నీ ఆ పిల్లలనూ గుర్తుపట్టడానికి వీలైన రెండు మూడు వివరాలు మార్చి మీ ఉత్తరాన్ని అచ్చు వేస్తున్నాము. మిగతాదంతా మీరు రాసిందే.

తడి దుప్పటి గురించి మీరు వివరంగా రాశారు. వ్యాను డ్రైవరు గురించి ఒక్కటే వాక్యం, చివర్లో, "అదీ నాకు నచ్చడం లేదు" అని ముగించారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇన్నేళ్లుగా ఉత్తరాలు చదవగా గమనించిన సంగతి ఇది: మనసును బాగా తొలిచే విషయాన్ని మనుషులు ముందు రాయరు. మిగతావన్నీ చెప్పేశాక, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి అన్నట్టుగా ఒక మాట అంటారు. మీ సమాధానం ఆ మాట నుంచే మొదలవ్వాలి.

నిజంగా ఏమీ జరగకపోయి ఉండవచ్చు. ఆ పిల్ల ఏడుపుకు బడిలో ఏదో గొడవ కారణం కావచ్చు. కానీ ఏం జరిగిందో తేల్చే పని మీది కాదు, నాది కూడా కాదు. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం, నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరిగేలా ఉందని భయం కలిగినవారు కూడా పోలీసులకు చెప్పి తీరాలంటుంది. సాక్ష్యాలు పోగుచేసుకుని రమ్మనదు. ఆయాకు ఒక నియమం, వార్డెన్‌కు ఒక నియమం అని లేదు. తెలిసి కూడా చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. మంచి మనసుతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. మీ అనుమానం రేపు తప్పని తేలినా మీకొచ్చే ముప్పు లేదు. కక్షతో అబద్ధం అల్లినవారికే శిక్ష.

అందుకని ముందు చేయవలసింది పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను. ఈ నంబరు 1996లో ముంబైలో మొదలైంది, 2023 నుంచి ప్రభుత్వ సిబ్బందే నడుపుతున్నారు, అత్యవసర నంబరు 112తో కూడా కలిపారు. ఆశ్రమం ఫోను నుంచి కాకుండా, కూరగాయలకు బజారుకు వెళ్లినప్పుడు మీ సొంత ఫోను నుంచి చేయండి. డ్రైవరు గురించి మీ కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే చెప్పండి. "వాడు మంచివాడు కాదు" అనకండి. "ఫలానా వారం నుంచి అమ్మాయి వ్యాను ఎక్కడానికి ఏడుస్తోంది, అంతకుముందు రెండు నెలలు అతను ఆమెను మాత్రమే ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు" అనండి. పేరు అడిగితే చెప్పండి, దాన్ని గోప్యంగా ఉంచమని కోరండి.

ఈలోగా, కుదిరితే రేపటి నుంచే, ఏదో ఒక సాకు చెప్పి వ్యానులో మీరు కూడా వెళ్లండి. "చిన్నవాళ్లు అల్లరి చేస్తున్నారు, నేను చూసుకుంటాను" అంటే చాలు. అమ్మాయిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. డ్రైవరును నిలదీయకండి. అది ధైర్యంలా కనిపిస్తుంది గానీ, అతనికి జాగ్రత్తపడమని చెప్పినట్టే అవుతుంది.

అమ్మాయిని ప్రశ్నలు అడగకండి. "వాడు నిన్నేమైనా చేశాడా, ఇక్కడ ముట్టుకున్నాడా" అని మీరు అడిగితే, మీ మాటలు ఆ పిల్ల నోట్లో పెట్టినట్టవుతుంది. రేపు కోర్టులో ఎదుటి న్యాయవాది మొట్టమొదట పట్టుకునేది దాన్నే. జడ వేస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో తనంతట తాను నోరు విప్పితే వినండి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యక్కా" అంటే ఒట్టు వేయకండి. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రం చెబుతాను" అనండి. ఆ పిల్ల ఏ మాట అంటే అదే మాట, మీ భాషలోకి మార్చకుండా, ఆ రాత్రే రాసిపెట్టుకోండి. ఆ తర్వాత ఆమెతో మాట్లాడవలసినవారు వేరే ఉన్నారు. పోలీసులు వస్తే యూనిఫాంలో రాకూడదు, పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై స్థాయి అధికారి మాట్లాడాలి. ఇలాంటి పిల్లల వాంగ్మూలం, వైద్యం, ఓదార్పు అన్నీ ఒకేచోట దొరకాలని హైదరాబాద్‌లో 2016లో హాకా భవన్‌లో భరోసా కేంద్రం పెట్టారు. ఠాణా అంటే వణికే పిల్లలకు అది కొంత నయం.

ఇప్పుడు తడి దుప్పటి సంగతి.

అయిదేళ్లు దాటాక కూడా రాత్రిళ్లు పక్క తడిపే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బద్ధకం వల్లో, పొగరు వల్లో తడపరు. కొందరిలో అది వంశంలో వస్తుంది. కొందరికి మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో ఉంటుంది. తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లకు, ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు, భయంతో పడుకునేవాళ్లకు ఎక్కువవుతుంది. అంటే డాబా మీద నిలబెట్టేకొద్దీ ఆ దుప్పటి మరింత తడుస్తుంది. చేయవలసిన పని ఒకసారి డాక్టరుకు చూపించడం. ఆ పని ఎవరూ చేసినట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు.

ఇది క్రమశిక్షణ అని వార్డెన్ అంటారు. పిల్లల సంరక్షణ కోసం చేసిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సరిగ్గా ఆ మాటనే పట్టుకుంటుంది. ఆశ్రమంలో పనిచేసేవారు క్రమశిక్షణ పేరుతో పిల్లలను కొడితే మొదటిసారి పదివేల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు. అంతకుమించి, ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత పిల్లలతో నేరుగా పనిచేసే ఏ కొలువుకూ అర్హత ఉండదు. కొట్టడమే కాదు, మనసుకో ఒంటికో బాధ కలిగేలా నిర్లక్ష్యం చేయడం, హింసించడం కూడా అదే చట్టంలో వేరే నేరం. ఆశ్రమ సిబ్బందే ఆ పని చేస్తే అయిదేళ్ల దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల దాకా జరిమానా. చలిలో తడి దుప్పటి కప్పి, ఆకలితో నిలబెట్టి, నలుగురిలో నవ్వులపాలు చేయడం ఇందులోకి రాదని ఎవరైనా వాదిస్తే, వారిని ఒక తెల్లవారుజామున అలా నిలబడి చూడమనండి.

ఇక్కడ ఒక చిక్కుంది, ముందే తెలిసి ఉండడం మంచిది. ఈ చట్టానికి 2021లో చేసిన సవరణ వల్ల, మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే నేరాల్లో మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయలేరు. 2022 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న ఆ సవరణ నాకు నచ్చదు. పిల్లల కోసం చేసిన చట్టంలో పిల్లలను కొట్టినవారికి దొరికిన నీడ అది. కాబట్టి దుప్పటి, స్కేలు విషయాలు పట్టుకుని మీరు ఠాణాకు వెళితే "ఇది మా పరిధిలోది కాదమ్మా" అని పంపించేయవచ్చు. వారు అబద్ధం చెప్పారని నిరుత్సాహపడి ఊరుకోకండి. డ్రైవరు సంగతి అలాంటిది కాదు, పోక్సో కింద పోలీసులు నమోదు చేసి తీరాలి. దెబ్బలు, దుప్పటి, లీడర్లు, ఫోను బంద్ చేయడం, ఇవన్నీ బాలల సంక్షేమ సమితికి వెళ్లాలి.

ఈ సమితి ప్రతి జిల్లాకూ ఉంటుంది. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు, అందులో ఒక్కరైనా మహిళ ఉండాలి. మేజిస్ట్రేట్ అధికారాలు ఉన్న సమితి. ఆశ్రమాలను తనిఖీ చేయడం, పిల్లలను పిలిపించి మాట్లాడడం, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తమంతట తామే విచారణ మొదలుపెట్టడం, వేరే చోటికి మార్చడం, అన్నీ చేయగలదు. మీ ఫిర్యాదు ఆ సమితికి, ఒక నకలు జిల్లా బాలల పరిరక్షణ అధికారికి, ఇంకొకటి కలెక్టరుకు. సమితి పట్టించుకోకపోతే ఆ సమితి మీదే కలెక్టరుకు చెప్పుకోవచ్చు. అంతకు పైన రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూడా ఒకసారి పొరబడిన విషయం ఇది: "హైదరాబాద్ శివారు" అన్నారు గానీ, 2016లో జిల్లాలు విడిపోయాక శివారంతా హైదరాబాద్ జిల్లాలో లేదు. హయత్‌నగర్ వైపైతే రంగారెడ్డి, ఉప్పల్, కొంపల్లి వైపైతే మేడ్చల్–మల్కాజిగిరి, పటాన్‌చెరు వైపైతే సంగారెడ్డి. ఒక జిల్లా సమితికి పంపిన కాగితం ఇంకో జిల్లాకు తిరిగి తిరిగి చేరేసరికి నెల గడుస్తుంది. ఆశ్రమం బోర్డు మీద చిరునామా కింద జిల్లా పేరు చూసుకుని రాయండి.

రాసే తీరు గురించి రెండు మాటలు. "వార్డెన్ పిల్లలకు నరకం చూపిస్తున్నారు" అని రాస్తే చదివిన అధికారి అయ్యో అంటారు, కాగితం పక్కన పెడతారు. "మంగళవారం తెల్లవారుజామున అయిదున్నరకు నేను నీళ్ల మోటారు వేయడానికి డాబా మీదికి వెళ్లాను. బాబు మెట్ల గది పక్కన నిలబడి ఉన్నాడు. తల మీద తడి దుప్పటి ఉంది. ఏడు గంటల నలభై నిమిషాలకు కిందికి దింపారు. వంటమనిషి టిఫిన్ పెట్టబోతే వార్డెన్ వద్దన్నారు, ఆ మాట నేను విన్నాను." ఇలా రాస్తే అధికారి లేచి వెళ్లక తప్పదు. తేదీ, గంట, చోటు, ఎవరు చూశారు, ఏ మాట అన్నారు. మీరు చూసినవి ఒక వరుసలో, ఇతరులు చెప్పగా విన్నవి విడిగా, ఎవరు చెప్పారో కూడా పెట్టి. పది సంఘటనలు పొడి పొడిగా రాయడం కంటే మూడింటిని ఇంత నిండుగా రాయడం మేలు. రాత్రి డ్యూటీ రిజిస్టర్ ఏ బీరువాలో ఉంటుందో, ఏ పేజీల్లో దొంగ సంతకాలున్నాయో రాయండి, మీరు దాన్ని ఎత్తుకురావలసిన పనిలేదు. డాబా మెట్ల దగ్గర సీసీ కెమెరా ఉంటే ఆ సంగతి మొదటి పేజీలోనే రాసి, రికార్డింగ్ చెరిగిపోకముందే స్వాధీనం చేసుకోమని కోరండి. చాలా కెమెరాల్లో పాతది కొద్దిరోజుల్లోనే కొత్తదాని కింద పోతుంది.

ఫిర్యాదులో పిల్లల పేర్లు రాయవచ్చు, ఎందుకంటే అది వెళ్లేది అధికారికి. కానీ దాని ఫొటో తీసి ఎవరికీ పంపకండి. యూట్యూబ్ వార్తల మైకు పట్టుకుని వచ్చేవారికి అసలే ఇవ్వకండి. ఇలాంటి పిల్లల పేరు, ముఖం, బడి, ఊరు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, మీకైనా వారికైనా. అధికారికి మంచి మనసుతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కిందికి రాదు. అదే మాట వాట్సాప్ గుంపులో పెడితే ఆ రక్షణ ఉండదు. వీడియో ఊరంతా తిరిగితే న్యాయం తొందరగా జరుగుతుందని మనకు అనిపిస్తుంది. తడి దుప్పటి కప్పుకున్న ఆ బాబు రేపు ఇంటర్ చదివేటప్పుడు కూడా ఆ వీడియో తిరుగుతూనే ఉంటుంది.

శాలువా కప్పించుకున్న అధికారి గురించి మీ భయం నాకు అర్థమైంది. శాలువా కప్పించుకున్నవాళ్లందరూ చెడ్డవారు కారు, మన ఊళ్లలో ఏ సభకు వెళ్లినా శాలువా తప్పదు. అయినా ఆ ఠాణాకే వెళ్లాలని లేదు. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం ప్రకారం ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, వారు నమోదు చేసి అసలు ఠాణాకు పంపాలి. మీ అక్క ఉండే చోట ఇవ్వండి. పోక్సో ఫిర్యాదుకు నంబరు వేసి, రాసుకున్నది మీకు చదివి వినిపించాలి. ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితికీ, ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు లేకుండా బయటికి రాకండి.

పెద్దాయనకు ముందు చెప్పవద్దా? మీరు అడగలేదు గానీ, మీ మనసులో ఉన్న అసలు ప్రశ్న అదేననుకుంటాను. ఇది నేను ఒకసారి తప్పు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట, శనివారాలు పిల్లలకు తెలుగు చెప్పడానికి ఒక ఆశ్రమానికి వెళ్లేదాన్ని. ఒక పిల్లవాడి అరచేతి మీద వాతలు చూశాను. మర్యాద అనుకుని నేరుగా నిర్వాహకుల దగ్గరకే వెళ్లి చెప్పాను. వారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, విచారిస్తామన్నారు, కాఫీ ఇచ్చారు. మరుసటి శనివారానికి ఆ పిల్లవాడు లేడు. "వాళ్ల మేనమామ వచ్చి తీసుకెళ్లాడు" అన్నారు. మిగతా పిల్లలు నా వైపు చూడడం మానేశారు. ఆ పిల్లవాడు ఏమయ్యాడో నాకు ఈనాటికీ తెలియదు.

అందుకే పెద్దాయనకు చెప్పండి, కానీ ఫిర్యాదు అధికారి చేతిలో పడ్డాక. ముందు చెబితే ఆయన చేసే మొదటి పని వార్డెన్‌ను పిలిచి అడగడం. ఆ రాత్రే రిజిస్టర్లు మారతాయి, పిల్లలకు ఏం చెప్పాలో నేర్పిస్తారు. వంట సరుకులు సరిగా లేవు, దోమతెరలు చాలడం లేదు అనే స్థాయి విషయాలైతే ముందు ఆయనకే చెప్పమనేదాన్ని. ఇవి ఆ స్థాయి దాటిపోయాయి.

నిబంధనల ప్రకారం ప్రతి ఆశ్రమంలో పిల్లల గదుల దగ్గరగా, ఆఫీసుకు దూరంగా ఒక ఫిర్యాదుల పెట్టె ఉండాలి. దాని తాళం చెవి ఆశ్రమ నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి, వారానికోసారి పిల్లల కమిటీ ముందు తెరవాలి. మీ ఆశ్రమంలో ఉందా? ఉంటే చెవి ఎవరి దగ్గర ఉంది? వార్డెన్ మొలలో ఉంటే అది ఫిర్యాదుల పెట్టె కాదు, వార్డెన్‌కు రహస్యాలు చేరవేసే పెట్టె. ఈ ఒక్క వాక్యం కూడా మీ ఫిర్యాదులో చేర్చండి. లోపలి నుంచి గొంతు బయటికి రాని చోట ఏం జరుగుతుందో 2018లో బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల ఆశ్రమం చూపించింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం సోషల్ ఆడిట్‌లో భాగంగా వెళ్లి పిల్లలతో మాట్లాడాక గానీ అక్కడి ఘోరం వెలుగులోకి రాలేదు. 2020లో ఢిల్లీ కోర్టు నిర్వాహకుడితో సహా 19 మందిని దోషులుగా తేల్చింది. మీ ఆశ్రమాన్ని దానితో పోల్చడం లేదు. అక్కడ కూడా జీతానికి పనిచేసేవాళ్లు, వండేవాళ్లు, రాత్రి కాపలా ఉండేవాళ్లు ఉండి ఉంటారు కదా అని మాత్రం నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మీ అక్క అన్న మాటకు వస్తాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇల్లు ఎవరిది? పెద్దాయనదా? ఆ బియ్యం బస్తా మోసుకొచ్చిన దాత, కేకు కోయించిన తండ్రి, వాళ్లందరూ ఇచ్చింది పిల్లల పేరు మీద. ఆ పిల్లలు లేకపోతే పెద్దాయనకు ట్రస్టు లేదు, వార్డెన్‌కు కుర్చీ లేదు, మీకు జీతం లేదు. మీరు మూడేళ్లుగా తింటున్నది ఆ పక్క తడిపే పిల్లవాడి వాటాలోది. వాసాలు లెక్కపెట్టేది మీరు కాదమ్మా, నూనె డబ్బాలు ఇంటికి మోసుకెళ్లేవారు. పెద్దాయన మీద మీకున్న కృతజ్ఞత నిజమైనదే, దాన్ని చంపుకోవద్దు. ఆయన కట్టిన ఇంట్లో ఆయనకు తెలియకుండా జరుగుతున్నది బయటపెట్టడం ఆ కృతజ్ఞతకు ఎదురు వెళ్లడం కాదు. ఆయనకు అలా అనిపించకపోవచ్చు. మీ ముఖం చూడనని అనవచ్చు కూడా. దానికి సిద్ధపడి ఉండండి.

పిల్లలు రోడ్డున పడతారా? పడరు. ఫిర్యాదు వచ్చిన ప్రతి ఆశ్రమాన్నీ మూసేయరు. చాలాసార్లు మనిషిని తీసేసి, నిఘా పెడతారు. మూసినా పిల్లలను వేరే ఆశ్రమానికి మార్చడం సమితి బాధ్యత. మన ఆశ్రమాల్లో ఉండేవారిలో చాలామంది అనాథలు కారు, తల్లో తండ్రో ఉండి, పోషించలేక వదిలినవారే. అలాంటి కుటుంబాలకు మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు నాలుగు వేల రూపాయల సాయం ఉంది. అందరికీ దొరకదు గానీ అడగవచ్చు. మార్పు పిల్లలకు కష్టం కాదని మాత్రం చెప్పలేను. స్నేహితులు పోతారు, బడి మారుతుంది, కొందరు మిమ్మల్నే తిట్టుకుంటారు. అందుకని ఫిర్యాదు చివర మీరే ఒక విన్నపం రాయండి: ఒకవేళ మార్చవలసి వస్తే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడదీయవద్దని, పరీక్షలయ్యేదాకా అదే బడిలో ఉంచమని. అధికారులకు ఆ ఆలోచన రాక కాదు, కాగితం మీద ఉంటే మరిచిపోరు. ఇంకొకటి కూడా రాయండి. ఆ నలుగురు లీడర్లు కూడా పిల్లలేనని. వాళ్ల చేతికి కర్ర ఇచ్చింది వార్డెన్. విచారణ మొదలవగానే తప్పంతా వాళ్ల మీదికి నెట్టడం చాలా తేలిక.

ఇక మీ అబ్బాయి. "నీ కొడుకు ఇక్కడే ఉన్నాడని గుర్తు పెట్టుకో" అన్న మాటను తేదీతో సహా ఫిర్యాదులో రాయండి, అది బెదిరింపు. ఫోను చేయడానికి ముందే బాబును మీ అక్క ఇంటికి పంపండి. జ్వరమనో, పండుగనో చెప్పండి. ఈ ఒక్క అబద్ధాన్ని నేను సమర్థిస్తాను. మీ పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, మీ ఆయన మరణ ధ్రువపత్రం ఆఫీసు బీరువాలో ఉంటే బ్యాంకు పనో, పింఛను పనో ఉందని అడిగి ఒరిజినల్స్ తెచ్చుకోండి. జీతం చేతికిస్తున్నారా, బ్యాంకులో వేస్తున్నారా? మీరు అక్కడ పనిచేస్తున్నారనడానికి ఒక్క కాగితమైనా మీ దగ్గర ఉండాలి. పని పోదని మీకు మాట ఇవ్వలేను. పేరు దాచమన్నా, పదిమంది పనిచేసే చోట ఎవరు చెప్పారో పోల్చుకోవడం కష్టం కాదు. ప్రైవేటు సంస్థల్లో నిజం చెప్పినవారి కొలువు కాపాడే గట్టి చట్టం మన దగ్గర లేదు. రెండు నెలలు ఎలా గడుస్తుందో మీ అక్కతో కూర్చుని లెక్క వేసుకోండి. అక్కను ఒప్పించడానికి ఈ పేజీ చూపించండి, వాసాల గురించి నేను రాసినదాన్ని మాత్రం కాస్త మెల్లగా చదివి వినిపించండి.

బియ్యం, నూనె లెక్కలు కూడా రాయండి, కానీ చివరి పేజీలో. డబ్బు లెక్క ముందుంటే చూపంతా అటు పోతుంది.

ఇదంతా జరగడానికి ఎంత తొందరపడినా నాలుగైదు రోజులు పడుతుంది. ఈలోగా రాత్రి డ్యూటీ మీదే, ఒక్కరే ఉంటారు కాబట్టి అడ్డుచెప్పేవారు కూడా ఉండరు. ఆ బాబుకు రాత్రి భోజనం తర్వాత నీళ్లు కాస్త తగ్గించండి, దాహమంటే మాత్రం ఇవ్వండి. పడుకునే ముందు ఒకసారి, మీరు పదకొండింటికి చుట్టూ చూసి వచ్చేటప్పుడు ఒకసారి లేపి తీసుకెళ్లండి. పరుపు మీద ఒక ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత చీర మడత. అయినా తడిస్తే వార్డెన్ లేవకముందే నాలుగున్నరకు మీరే మార్చేసి, ఆ దుప్పటి ఉతికి దండెం మీద మిగతావాళ్ల దుప్పట్ల మధ్యలో ఆరేయండి.